రాచెట్ రెంచి

రాచెట్ రెంచి నట్టులను, బోల్టులను బిగించడానికి, విప్పడానికి వాడే ఒక చేతి పనిముట్టు. దీని తలలో ఉండే పళ్ళచక్రము వలన ఇది ఒక దిశలో మాత్రమే బలాన్ని నట్టుకు అందిస్తుంది. పిడిని ఎదురు దిశలో తిప్పినపుడు నట్టు కదలదు, పిడి మాత్రమే వెనక్కు వస్తుంది. కనుక పనిముట్టును నట్టు పైనుండి తీయకుండానే, పిడిని ముందుకూ వెనక్కూ ఆడిస్తూ పని పూర్తి చేయవచ్చు. మామూలు స్పానరుతో ప్రతి పావు చుట్టుకూ ఒకసారి తీసి మళ్ళీ తగిలించవలసి వస్తుంది. మోటారు వాహనాల మరమ్మత్తు, యంత్రాల బిగింపు, సైకిలు పని మొదలుకొని ఇంటి పనుల వరకు ఈ రెంచి వాడుకలో ఉన్నది.

చూడటానికి అన్ని రాచెట్లు ఒకే రకంగా కనిపించినా, వాటిని రోజంతా చేతిలో పట్టుకొని పనిచేసేవారికి వాటి ఎంపికలో గట్టి అభిప్రాయాలు ఉంటాయి. పళ్ళ సంఖ్య, తల మందము, పిడి పొడవు, దిశ మార్చే మీట ఉండే తీరు ఈ అభిప్రాయాలకు ముఖ్యమైన కారణాలు. వీటిలో కొన్ని కేవలం అలవాటు వలన ఏర్పడినవి కాగా, చాలావాటి వెనుక యాంత్రికమైన కారణాలు ఉన్నాయి.

పేరు

ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ గ్యారేజీలలో స్పానరును పానా అనటం పరిపాటి. రెంచి అనే మాటను కొన్నిచోట్ల రించి అని పలుకుతారు. అమెరికాలో రెంచి అనబడే దానిని బ్రిటనులో స్పానరు అంటారు. భారతదేశంలో ఈ రెండు మాటలూ నిలిచిపోయాయి. పనివారి భాషలో రాచెట్ అంటే సాధారణంగా పిడి భాగం మాత్రమే. దాని చదరపు కొసకు తొడిగే గిన్నె వంటి భాగాన్ని సాకెట్ అని, హిందీ మాట్లాడే గ్యారేజీలలో గోటీ అని అంటారు. పిడి, సాకెట్లు, పొడిగింపు కడ్డీలు కలిపి పెట్టెలో అమ్మేదానిని సాకెట్ సెట్టు అంటారు.

పనిచేసే విధానము

రెంచి తలలో ఒక పళ్ళచక్రము, ఆ పళ్ళలోకి స్ప్రింగు బలంతో దిగే ఒక చిన్న ఉక్కు ముక్క ఉంటాయి. ఈ ముక్కను పాల్ అంటారు. ఈ వ్యాసంలో దీనిని నాలుక అని వ్యవహరించడమైనది. పిడిని పని దిశలో తిప్పినపుడు నాలుక పళ్ళలో చిక్కుకొని చక్రాన్ని తనతో తిప్పుతుంది. ఎదురు దిశలో తిప్పినపుడు నాలుక పళ్ళ మీదుగా జారిపోతుంది. ఆ జారుడు వలననే కటకటమనే చప్పుడు వస్తుంది. సైకిలు తొక్కడం ఆపినపుడు వెనుక చక్రపు ఫ్రీవీలు చేసే శబ్దం కూడా ఇదే. రెండింటి సూత్రం ఒక్కటే.

మీటను అటునుండి ఇటు మార్చితే నాలుక రెండవ వైపు పళ్ళలో కూర్చుంటుంది. బిగించే పనిముట్టు విప్పే పనిముట్టు అవుతుంది. కొన్ని రాచెట్లలో ఒకే నాలుక రెండు దిశలకూ పనిచేస్తుంది, మరికొన్నింటిలో దిశకొకటి చొప్పున రెండు నాలుకలు ఉంటాయి. పళ్ళు లేకుండా, లోపలి రోలర్లు ఇరుక్కోవటం ద్వారా పనిచేసే రాచెట్లు కూడా ఉన్నాయి. వీటిలో చప్పుడు రాదు, వెనక్కు వచ్చే కోణం దాదాపు శూన్యం. అయితే చేతికి ఆ చప్పుడు అలవాటైనవారు వీటిని వాడుతున్నపుడు రెంచి పట్టు చిక్కినదో లేదో తెలియటం లేదని అంటారు.

చరిత్ర

సాకెట్ రెంచికి రాచెట్ సూత్రాన్ని జతపరచి పేటెంటు పొందినవాడు అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రానికి చెందిన జె.జె.రిచర్డ్‌సన్. ఆ పేటెంటు 1863లో లభించింది. మరుసటి సంవత్సరం సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో ఈ పనిముట్టు బొమ్మ అచ్చయింది.

ఆ తరువాత కూడా చాలాకాలం ఒక్కొక్క కొలతకు ఒక్కొక్క రెంచి చొప్పున, పిడి, సాకెట్ కలిసిపోయిన పనిముట్లే ఎక్కువగా వాడుకలో ఉండేవి. 1920లో జోసఫ్ జాన్సన్, విలియం సైడెమన్ అనే ఇద్దరు స్నాప్-ఆన్ సంస్థను ప్రారంభించి, ఐదు పిడులు, పది సాకెట్లు విడివిడిగా అమ్మసాగారు. ఏ సాకెట్‌నైనా ఏ పిడికైనా తొడగవచ్చు గనుక, పదిహేను వస్తువులతో యాభై రెంచీల పని జరుగుతుంది. ఈ లెక్కనే వారు ప్రచారంలో వాడుకున్నారు. నేటి సాకెట్ సెట్లన్నీ ఈ ఆలోచనను అనుసరించినవే.

పీటర్ రాబర్ట్స్ వ్యాజ్యము

తొడగటం సులభమైనా, సాకెట్‌ను ఊడదీయటం చాలాకాలం పాటు ఇబ్బందిగానే ఉండేది. గ్రీజు అంటిన చేతులతో ఒక చేత్తో పిడిని, మరొక చేత్తో సాకెట్‌ను పట్టుకొని లాగవలసి వచ్చేది. సియర్స్ దుకాణాల సంస్థలో అమ్మకపు గుమాస్తాగా పనిచేస్తున్న 18 సంవత్సరాల పీటర్ రాబర్ట్స్ 1963-64లో తన తీరిక సమయంలో దీనికి ఒక పరిష్కారం కనిపెట్టాడు. తల వెనుక ఒక బొత్తాము ఉంటుంది. దానిని బొటనవేలితో నొక్కితే సాకెట్‌ను పట్టి ఉంచే చిన్న ఉక్కు గుండు లోపలికి వెళ్ళి, సాకెట్ తనంతట తానే ఊడివస్తుంది. పని మొత్తం ఒక చేత్తోనే అయిపోతుంది. దీనికి 1965లో పేటెంటు లభించింది.

సియర్స్ సంస్థ ఆ హక్కులను ఒక్కొక్క రెంచికి 2 సెంట్ల చొప్పున, మొత్తం 10,000 డాలర్లకు మించకుండా చెల్లించే షరతుతో కొన్నది. ఈ ఆవిష్కరణకు పెద్దగా విలువ లేదని ఆ యువకునికి నచ్చచెప్పింది. కాని 1975 నాటికి ఆ సంస్థ ఇటువంటి రెంచీలను కోటీ 90 లక్షలకు పైగా అమ్మినట్లు కోర్టు విచారణలో తేలింది. తనను మోసం చేశారని రాబర్ట్స్ 1969లో దావా వేశాడు. జ్యూరీ 10 లక్షల డాలర్లు ఇప్పించగా, ఆ తీర్పును 1978లో అమెరికా ఏడవ సర్క్యూట్ అప్పీలు కోర్టు సమర్థించింది. పేటెంటు తిరిగి చేతికి వచ్చిన తరువాత రాబర్ట్స్ పేటెంటు ఉల్లంఘనపై మరొక దావా నడిపాడు. అందులో గెలిచిన తీర్పును అదే అప్పీలు కోర్టు 1983లో కొట్టివేసి పునర్విచారణకు పంపింది. చివరకు 1989లో ఇరు పక్షాలు రాజీ పడ్డాయి. అప్పటికి మొదటి దావా వేసి ఇరవై సంవత్సరాలయింది. ఉద్యోగి ఆవిష్కరణ, యజమాని చెప్పవలసిన నిజం అనే విషయాలలో ఈ వ్యాజ్యాన్ని ఉదాహరిస్తుంటారు.

బొత్తాము ఇపుడు చాలా రాచెట్లలో కనిపిస్తుంది. అయినా దానిని ఇష్టపడనివారు లేకపోలేదు. ఇరుకు చోట తల వెనుక భాగం ఏ గొట్టానికో తగిలి బొత్తాము నొక్కుకుంటే, సాకెట్ ఇంజను అడుగున పడిపోతుంది. పైగా బొత్తాము వలన తల కొంత ఎత్తు పెరుగుతుంది. అందువలన బొత్తాము లేని పలుచని తలనే కోరేవారు ఉన్నారు.

చదరపు కొస పరిమాణము

సాకెట్‌ను తొడిగే చదరపు కొస కొలతను బట్టి రాచెట్లను విభజిస్తారు. మెట్రిక్ కొలతలు వాడే దేశాలలో కూడా ఇది అంగుళాలలోనే చెప్పబడుతుంది: 1/4, 3/8, 1/2, 3/4, 1 అంగుళం. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 1174లో వీటినే వరుసగా 6.3, 10, 12.5, 20, 25 మి.మీ. అని పేర్కొన్నారు. సాకెట్ లోపల పట్టే నట్టు మాత్రం మిల్లీమీటర్లలో ఉంటుంది. అంటే ఒకే సాకెట్‌కు ఒకవైపు అంగుళాలు, ఇంకొకవైపు మిల్లీమీటర్లు. కొత్తగా పని నేర్చుకొనేవారు తికమకపడే విషయాలలో ఇది మొదటిది.

1/4 అంగుళం రాచెట్ చిన్న మరలకు, డాష్‌బోర్డు, విద్యుత్ పరికరాల పనికి సరిపోతుంది. 1/2 అంగుళం రాచెట్ చక్రాల నట్టులు, సస్పెన్షను బోల్టుల వంటి బరువైన పనికి. ఈ రెంటి మధ్యనున్న 3/8 అంగుళం రాచెట్ కారు ఇంజను పనిలో అత్యధిక భాగానికి తగినది, స్పార్కు ప్లగ్గులు కూడా సాధారణంగా దీనితోనే తీస్తారు. ఒకే ఒక్క రాచెట్ కొనదలచిన కారు యజమానికి ఇదే సరియైనది. కాని భారతదేశంలో తొలిసారి కొనేవారు చాలామంది 1/2 అంగుళం సెట్టు కొంటారు. పెద్దది కొంటే అన్నిటికీ పనికివస్తుందనే భావన దీనికి కారణం. అది పొరపాటు. 250 మి.మీ. పిడి చివర సుమారు 30 కిలోల బరువుకు సమానమైన బలం వేస్తే దాదాపు 75 న్యూటన్-మీటర్ల టార్కు పుడుతుంది. 6 మి.మీ. బోల్టుకు 10 న్యూటన్-మీటర్లే ఎక్కువ. పెద్ద రాచెట్‌తో చిన్న బోల్టును బిగించేటపుడు అది బిగిసిన సంగతి చేతికి తెలిసేలోపే విరిగిపోతుంది. అల్యూమినియం భాగాలలోనైతే మర కోసుకుపోతుంది. ఆయిలు సంపు అడుగునుండే ప్లగ్గులు పాడవటానికి ఇది ఒక ముఖ్య కారణం.

3/4, 1 అంగుళం రాచెట్లు లారీలు, బస్సులు, ట్రాక్టర్ల పనిలో వాడతారు. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల లారీ యు-బోల్టులు బిగించే పనిలో ఇవి కనిపిస్తాయి.

పళ్ళ సంఖ్య

రాచెట్ల గురించి వాదన ఎక్కువగా జరిగేది దీనిపైనే. చక్రానికి 36 పళ్ళు ఉంటే ఒక్కొక్క పంటికి పిడి 10 డిగ్రీలు కదలాలి. 72 పళ్ళకు 5 డిగ్రీలు, 90 పళ్ళకు 4 డిగ్రీలు సరిపోతాయి. రెండు నాలుకలను ఒకదాని తరువాత ఒకటి పనిచేసేట్లు అమర్చి, 60 పళ్ళ చక్రంతోనే 3 డిగ్రీల కదలికను సాధించిన రాచెట్లు కూడా అమ్మకంలో ఉన్నాయి. వీటిని 120 స్థానాల రాచెట్లు అంటారు. ఇంజనుకు, బాడీకి మధ్యనున్న సందులో పిడి వేలెడంత దూరం కూడా కదలని చోట 10 డిగ్రీలకు, 4 డిగ్రీలకు ఉన్న తేడా పని అవుతుందా, కాదా అన్నంత తేడా.

అయితే పళ్ళు పెరిగేకొద్దీ ఒక్కొక్క పన్ను చిన్నదవుతుంది. ఈ బలహీనతను పోగొట్టడానికి తయారీదారులు నాలుకను వెడల్పుగా, చక్రం వంపుకు సరిపడేట్లు మలిచి, ఒకేసారి అనేక పళ్ళలో దిగేట్లు చేస్తారు. మంచి ఉక్కుతో సరిగా చేసిన సన్నపళ్ళ రాచెట్, నాసిరకపు ముతకపళ్ళ రాచెట్ కంటే బలంగా ఉంటుంది. ఐతే మట్టి, ఇనుప రజను చేరితే సన్నపళ్ళదే ముందుగా జారుతుంది. బొగ్గు గనులు, పొలాలలో ట్రాక్టరు పని, క్వారీ యంత్రాల పని చేసేవారు ముతకపళ్ళ రాచెట్‌ను వదలకపోవటానికి కారణమిదే.

అమ్మకపు పెట్టెల మీద పళ్ళ సంఖ్యను పెద్ద అక్షరాలతో అచ్చువేస్తారు. దానికంటే ముఖ్యమైన, ఎక్కడా అచ్చువేయని గుణం ఒకటి ఉన్నది. పిడిని వెనక్కు తిప్పినపుడు నాలుక పళ్ళపై జారటానికి కొంత బలం కావాలి. ఈ ఎదురు ఈడ్పు నట్టు యొక్క ఘర్షణ కంటే తక్కువగా ఉండాలి. లేనిచో పిడితోపాటు నట్టు కూడా వెనక్కు వస్తుంది. వదులైన నట్టు మీద ఇది స్పష్టంగా కనిపిస్తుంది: ముందుకు పావు చుట్టు, వెనక్కు పావు చుట్టు, ఎంతసేపు ఆడించినా నట్టు అక్కడే ఉంటుంది. అప్పుడు సాకెట్‌ను వేళ్ళతో పట్టి ఆపవలసి వస్తుంది. వేళ్ళు పట్టని చోట రాచెట్ నిరుపయోగం. అనుభవం గల మెకానిక్కులు దుకాణంలో కొత్త రాచెట్‌ను చేతిలోకి తీసుకోగానే, చదరపు కొసను రెండు వేళ్ళతో పట్టుకొని వెనక్కు తిప్పి చూసేది దీనికోసమే. తేలికగా తిరిగితే మంచిది. పళ్ళ సంఖ్యను వారు ఆ తరువాతనే అడుగుతారు.

తల, మీట

తల ఆకారంలో రెండు రకాలు ప్రధానమైనవి. కన్నీటి బొట్టు ఆకారంలో ఉండే తల సన్నగా ఉండి ఇరుకులో దూరుతుంది. గుండ్రని తలలో మీటకు బదులు తిప్పే బిళ్ళ ఉంటుంది. గుండ్రని తలలో మట్టి తక్కువగా చేరుతుంది, బిళ్ళను పట్టుకొని వదులైన నట్టును వేళ్ళతోనే వేగంగా తిప్పవచ్చు. కాని తల పెద్దది. చిన్న మీట ఉన్న రాచెట్‌లో బొటనవేలి ఒక్క కదలికతో దిశ మార్చవచ్చు. ఇదే దాని లోపం కూడా. చూడకుండా చేయి పెట్టి పనిచేసే చోట మీట ఏదో ఒకదానికి రాసుకొని దిశ మారిపోతుంది. విప్పుతున్నానని అనుకొంటూ బిగించటం ఈ విధంగానే జరుగుతుంది. తలలోకి పూర్తిగా చొచ్చుకుపోయే చదరపు కొసను ఇటునుండి అటు తోసి దిశ మార్చే రాచెట్లు కూడా ఉన్నాయి, వీటిలో మీట అసలు ఉండదు.

మెడ వంగే రాచెట్లు గట్టు దాటి అవతలనున్న బోల్టులను అందుకొంటాయి. కాని బలం వేసినపుడు మెడ అటూ ఇటూ ఊగటం కొందరికి నచ్చదు.

పిడి

పొడవు పిడితో తక్కువ శ్రమతో ఎక్కువ టార్కు లభిస్తుంది. పొట్టి పిడి ఇరుకులో తిరుగుతుంది, చిన్న బోల్టులను అతిగా బిగించకుండా కాపాడుతుంది. పిడి పైభాగం విషయంలో ఇంజను పనివారు నునుపైన ఉక్కు పిడిని, ఇంటి వాడకందారులు రబ్బరు తొడుగు ఉన్నదానిని కోరటం సాధారణం. నునుపైన ఉక్కును గుడ్డతో ఒక్కసారి తుడిస్తే శుభ్రమవుతుంది. రబ్బరు చేతికి మెత్తగా ఉండి, చలిలో చల్లబడదు, చెమట చేతిలో జారదు. కాని నాసిరకపు రబ్బరు పెట్రోలు, బ్రేకు ఆయిలు తగిలి కొంతకాలానికి ఉబ్బి జిగటగా మారుతుంది. మే నెల ఎండలో బయట పడి ఉన్న ఉక్కు పిడిని పట్టుకొన్నవారు మాత్రం రబ్బరును అంత తేలికగా తీసివేయరు.

రాచెట్ రింగు స్పానరు

సాకెట్ పట్టేంత ఎత్తు లేని చోట, లేదా నట్టును దాటి బోల్టు పొడవుగా బయటకు వచ్చిన చోట, రింగులోనే పళ్ళచక్రం అమర్చిన స్పానర్లు వాడతారు. వీటిలో మీట లేని రకం పలుచగా ఉంటుంది. దిశ మార్చాలంటే స్పానరును తిరగవేసి పెట్టాలి. ఈ రకంతో ఒక ప్రమాదం ఉన్నది. ఎదురుగా గోడ వంటి అడ్డు ఉన్న చోట బోల్టును విప్పుతూ పోతే, పైకి వచ్చే బోల్టు తల అడ్డుకు తగిలి, స్పానరు మధ్యలో ఇరుక్కుపోతుంది. తిరగవేయటానికి వీలు లేదు, కనుక బోల్టును మళ్ళీ లోపలికి తిప్పటం కూడా కుదరదు. చివరకు అడ్డుగా ఉన్న భాగాన్ని విప్పవలసి వస్తుంది. మీట ఉన్న రకంలో ఈ చిక్కు లేదు.

సాకెట్లు

లోపల ఆరు మూలలున్న సాకెట్, పన్నెండు మూలలున్న సాకెట్ అని రెండు రకాలు. పన్నెండు మూలలది ప్రతి 30 డిగ్రీలకు నట్టు మీద కూర్చుంటుంది, ఆరు మూలలది 60 డిగ్రీలకు. రాచెట్ తానే చిన్న కోణాలలో కదులుతుంది గనుక దానికి పన్నెండు మూలల అవసరం అంతగా లేదు. తుప్పు పట్టిన, మూలలు అరిగిన బోల్టుకు ఆరు మూలలదే శ్రేయస్కరం.

ఏ కొలతలు కావాలనేది వాహనాన్ని బట్టి ఉంటుంది. 8 మి.మీ. బోల్టుకు జపాను పద్ధతిలో తల 12 మి.మీ., జర్మను పద్ధతిలో 13 మి.మీ. అట్లే 10 మి.మీ. బోల్టుకు జపాను పద్ధతిలో 14, పాత జర్మను పద్ధతిలో 17, ఐఎస్ఓ పద్ధతిలో 16 మి.మీ. తల ఉంటుంది. జపాను మూలాలున్న మారుతి కార్లు బాగుచేసేవారి చేతిలో 10, 12, 14, 17 సాకెట్లు త్వరగా అరుగుతాయి. 13 పెట్టెలో కొత్తగానే ఉంటుంది. పాత బ్రిటిష్ నమూనా వాహనాలకు విట్‌వర్త్ కొలతల సాకెట్లు వేరుగా కావాలి. 10 మి.మీ. సాకెట్ ఎప్పుడూ కనిపించకుండా పోతుందనే హాస్యం ప్రపంచంలోని అన్ని గ్యారేజీలలోనూ ఉన్నది. చాలామంది దానిని ఒకటికి రెండు కొని ఉంచుకొంటారు.

గాలి, విద్యుత్ ఇంపాక్టు గన్నులకు వాడే నల్లని సాకెట్లు వేరు. చేతి పనికి ఉద్దేశించిన మెరిసే క్రోమ్ వనాడియం సాకెట్‌ను గన్నుకు తగిలిస్తే అది పగిలి ముక్కలు ఎగిరే ప్రమాదం ఉన్నది.

కొనుగోలు

భారతదేశంలో చేతి పనిముట్ల తయారీకి పంజాబులోని జలంధర్, లూధియానా పేరు పొందాయి. నాసిక్‌లో కర్మాగారం ఉన్న టపారియా సంస్థ సాకెట్ సెట్లు తెలుగు ప్రాంతాల దుకాణాలలో విరివిగా దొరుకుతాయి. సికింద్రాబాదులోని రాణిగంజ్ ఈ సరుకుకు పెద్ద బజారు. వందకు పైగా ముక్కలున్న చౌక పెట్టెలు చూపుకు ఆకర్షణీయంగా ఉన్నా, వాటిలో సగం ముక్కలు స్క్రూడ్రైవరు కొసలు మాత్రమే, రాచెట్ నాలుక మెత్తని ఉక్కుతో చేసినది. అదే ధరకు ఒక మంచి రాచెట్, పది సాకెట్లు కొనుక్కోవటాన్ని అనుభవజ్ఞులు మెచ్చుకొంటారు. కొనేముందు ఆ నమూనాకు నాలుక, స్ప్రింగు విడిగా దొరుకుతాయో లేదో అడగటం మంచిది. దొరికినట్లయితే రాచెట్ అరిగినపుడు పారవేయనవసరం లేదు.

ప్రమాదాలు

బిగుసుకుపోయిన బోల్టును రాచెట్‌తో విప్పరాదు. దానికి పళ్ళచక్రం లేని పొడవాటి బ్రేకర్ బార్ వాడి, కదిలిన తరువాతనే రాచెట్ తగిలించాలి. పిడికి ఇనుప గొట్టం తొడిగి పొడవు పెంచటం గ్యారేజీలలో సర్వసాధారణం. 600 మి.మీ. గొట్టంతో అదే 30 కిలోల బలం 180 న్యూటన్-మీటర్లవుతుంది. నాలుక అక్కడ జారితే మనిషి తన బరువంతా వేసి ఉన్నందున చేతి కణుపులు ఎదురుగా ఉన్న లోహానికి కొట్టుకొంటాయి. జారటం ఒక్కసారి మొదలైన రాచెట్ మళ్ళీ జారుతుంది. దానిని బాగుచేసేవరకు వాడరాదు. వీలైనంతవరకు పిడిని తోయకుండా తనవైపుకు లాగటం, తోయక తప్పనపుడు పిడికిలి విప్పి అరచేతితో తోయటం గాయాలను తగ్గిస్తాయి. పిడితో సుత్తి వలె కొట్టినా లోపలి స్ప్రింగు దెబ్బతింటుంది.

చివరి బిగింపును రాచెట్‌తో అంచనాగా చేయక, చక్రాల నట్టులు, సిలిండరు హెడ్డు బోల్టుల వంటి వాటికి టార్కు రెంచి వాడాలి. టార్కు రెంచి చాలావరకు రాచెట్ వలెనే కనిపించినా అది కొలిచే సాధనం. దానితో బోల్టులు విప్పటం వలన కొలత తప్పుతుంది.

నిర్వహణ

తల మూతను విప్పి, పాత గ్రీజును కిరోసినుతో కడిగి, ఆరిన తరువాత పలుచని గ్రీజును కొద్దిగా పూస్తే రాచెట్ చాలాకాలం పనిచేస్తుంది. ఎక్కువ పూస్తే మేలని భావించి చక్రాల బేరింగులకు వాడే చిక్కని గ్రీజును దట్టించటం తరచుగా జరిగే తప్పు. చిక్కని గ్రీజులో నాలుక నెమ్మదిగా కదిలి, పళ్ళలో పూర్తిగా దిగకముందే బలం పడుతుంది, జారిపోతుంది. గ్రీజు లేకపోతే కుట్టుమిషను నూనె చుక్కలు కొన్ని సరిపోతాయి, కాని తరచుగా వేయాలి. మూత విప్పేటపుడు గుడ్డ పరచి దానిపై విప్పాలి. లోపలి స్ప్రింగు, గుండు ఎగిరిపడితే మళ్ళీ దొరకటం కష్టం.